ఆవకాయ బేసిన్‌లో నానుతున్న జహంగీర్ తమ్ముడి ప్లేట్లు

నిన్న పొద్దున చేటలో బియ్యం చెరుగుతున్నాను. జహంగీర్ తమ్ముడి బిడ్డ సల్మా ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అబ్బా లేస్తలేడు."

చేట ఎక్కడ పడేశానో తెలియదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. మా ఇంటి వెనకే షెడ్, షెడ్ వెనకే వాళ్ల గది.

జహంగీర్ తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. డాక్టర్ వచ్చి, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు.

సాయంత్రానికి మట్టి ఇచ్చేశారు.

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మనవడు ప్రణయ్ టైప్ చేస్తున్నాడు. పోస్ట్ చేసే ముందు కోడలు నాకు చదివి వినిపిస్తుంది. ఒక్క ముక్క ఎగ్గొట్టినా ఊరుకోను.

జహంగీర్ గుండ్లపోచంపల్లిలో మా జాగాలో షెడ్ పెట్టుకున్న మెకానిక్. నా తోడబుట్టినవాడు కాదు. కానీ నేను మోకాళ్ల నొప్పితో ఆటో ఎక్కలేనంటే, షెడ్‌కు ఎవరి బండి వచ్చినా "ట్రయల్ జూడాలె అక్కా" అని అందులోనే నన్ను మేడ్చల్ ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. ఎవరెవరి కార్లలో తిరిగానో ఆ కార్లవాళ్లకే తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి.

కొన్నాళ్లుగా, కార్లను అడ్డంగా జార్చి తిప్పే మీ డ్రిఫ్టింగ్ గ్రూప్‌లో ఒక మాట తిరుగుతోంది. వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌ను జహంగీర్ చేస్తే నిలబడలేదు, ముసలాయనకు కొత్త కార్ల పని రాదు అని. ఆ మాట విని షెడ్‌లో ఉన్న కార్లు కూడా వాపసు పోయాయి.

ఇక షెడ్ నడపాల్సింది ఆయన బిడ్డ సల్మా. తండ్రి దగ్గరే పని నేర్చింది. ఈ మాట ఇలాగే ఉంటే ఆ షెడ్‌కు తాళం పడుతుంది.

అందుకే నేను చూసింది చెప్తున్నాను.

ట్రాక్టర్ బురదలో దిగబడితే ఒక చక్రం ఊరికే తిరుగుతుంది, ఇంకోటి కదలదు. డ్రిఫ్ట్ కారుకు అలా కాకూడదట. వెనక చక్రాలు రెండూ కలిసి తిరగాలి. వాటిని కలిపి పట్టి ఉంచేవి డిఫరెన్షియల్‌లో ఉండే ప్లేట్లు.

మా ప్రణయ్ కారులో అవి అరిగిపోయాయి. జహంగీర్ కొత్తవి తెప్పించాడు. వాటిని ఆయిల్‌లో నానబెట్టడానికి నేను ఆవకాయ కలిపే పెద్ద బేసిన్ పట్టుకుపోయాడు.

కొట్లాడాను. ఇక అందులో పచ్చడి ఎవరు తింటారన్నాను.

"నీ మామిడికాయ నూనెల నానకుండ జాడీకెక్కుతదా అక్కా? ఇవి గూడ గంతే" అన్నాడు.



ప్లేట్లు ఎక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని శామీర్‌పేట అవతల ఖాళీ వెంచర్‌కు తీసుకుపోయాడు. అక్కడ ఎనిమిది అంకె ఆకారంలో కారు తిప్పడం మొదలుపెట్టాడు. ఎంత మెల్లగా అంటే, నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోతారు. ఏందిది తమ్మీ, దారి మర్చిపోయినవా అని అడిగాను. కొత్త ప్లేట్లు ఒకదానితో ఒకటి మెల్లగా రాసుకుని అలవాటు పడాలట. ఆ తర్వాత ఆయిల్ మార్చి అప్పుడు ఉరికించాలట. మొదటి రోజే ఉరికిస్తే మాడిపోతాయట.

ఇంతలో ప్రణయ్ బైక్ మీద వచ్చాడు. అది శుక్రవారం, జహంగీర్‌కు నమాజ్ టైం. తాళం వాడి చేతికిచ్చి, బైక్ తీసుకుని పోతూ ఒకటే చెప్పాడు.

"సల్లగ తిప్పు బిడ్డా. ఆయిల్ మార్చేదాంక ఉరికించకు."

వాడు ఒక్క చుట్టు తిప్పాడు. దోస్తులు వచ్చారు.

"ఏంరా, అవ్వకు డ్రైవింగ్ నేర్పుతున్నవా?" అని నవ్వారు.

అంతే. నన్ను ఇంటి గేటు దగ్గర దింపేసి వాళ్లతో వెళ్లిపోయాడు. డ్రిఫ్ట్ చేశాడు.

తర్వాత కారు మళ్లీ షెడ్‌కు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. జహంగీర్ ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పాడు. గట్టిగా ఆగాల్సిన చక్రం బొంగరంలా తిరిగింది. ఆయిల్ దింపి వేళ్లకు రాసుకుని వాసన చూశాడు. ఆ మాడు వాసన నాకూ తగిలింది. విప్పితే ప్లేట్లు నల్లగా ఉన్నాయి. నిలబడలేదని మీరంటున్న డిఫరెన్షియల్ ఇదే.



ప్రణయ్ చేసింది పదిమందికీ చెప్తానన్నాను.

"వద్దక్కా. దోస్తుల ముంగట చిన్నబోతడు. నేను మళ్ల జేసిస్త" అన్నాడు.

తనను చేతకానివాడన్నా పడ్డాడు. తమ్ముడు వద్దన్నాడని, ఆయన బతికున్నంతకాలం నోరు కట్టుకున్నాను. ఇక కట్టుకోను.

ఆ మనవడే ఇది టైప్ చేస్తున్నాడు.

ఇక్కడ వేళ్లు ఆగాయి. రాయి అన్నాను.

రాస్తున్నాడు.

నిన్న జనాజాకు భుజం పట్టినవాళ్లలో వీడూ ఉన్నాడు. ఇంటికొచ్చి నా ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ఏడువు బిడ్డా, కానీ ఏడిస్తే ఆయన పేరు కడగబడదు అన్నాను. అప్పుడే ఫోన్ తీశాడు.

షెడ్‌లో నా బేసిన్ అలాగే ఉంది. మొన్న జహంగీర్ తన చేతులతో పరిచిన కొత్త ప్లేట్లు అందులో నానుతున్నాయి. పైన పాత పేపర్ కప్పాడు, దుమ్ము పడకుండా.

వాటిని సల్మా ఎక్కిస్తుంది. ప్రణయ్ అదే వెంచర్‌లో ఎనిమిదులు తిప్పుతాడు, ఆమె చాలనేదాకా. పక్క సీట్లో నేను కూర్చుంటాను. నవ్వేవాళ్లు వచ్చి నవ్వండి. అటునుంచి అటే మీ బండ్లు సల్మా దగ్గరికి తీసుకురండి.

తమ్మీ, నీ బిడ్డ సంగతి నేను చూసుకుంట. నువ్వు ఫికర్ లేకుండ సల్లగ పండుకో.

బేసిన్ నాకు వాపసొద్దు.