సెప్టెంబరు మార్కు

పన్నెండు మాటల్లో ఎన్ని మరచిపోవాలో టానర్ సల్మెలాకు బాగా తెలుసు. నాలుగు. అయిదు మరిస్తే కంప్యూటరు అనుమానపడుతుంది. మూడే మరిస్తే అంత మోసమూ చేసి ఫలితం ఉండదు.

ఏటా సెప్టెంబరులో, ఐస్ హాకీ సీజన్ మొదలయ్యే ముందు, జట్టులో ప్రతివాడూ ఆ పరీక్షకు కూర్చోవాలి. తెర మీద పన్నెండు మాటలు ఒక్కొక్కటే వచ్చి పోతాయి. తర్వాత గీతల బొమ్మలు, రంగులు, అంకెలు. కాసేపాగి ఏవేవి చూశావో చెప్పమంటుంది. వచ్చిన మార్కు ఫైల్లో పడుతుంది. సీజన్ మధ్యలో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి రెండు మార్కులూ పక్కపక్కన చూస్తారు. కొత్తది బాగా తగ్గితే ఇంటికి పొమ్మంటారు. తగ్గకపోతే స్కేట్లు కట్టుకోమంటారు. అందుకని సెప్టెంబరు వచ్చిందంటే ఆటగాళ్లంతా ఒక్కసారిగా మందమతులైపోతారు.

టానర్‌కు ఈ విద్య నేర్పినవాడు కైల్ మర్డాక్. ముప్పై మూడేళ్లు, ముందు పళ్లు నాలుగు లేవు, ఇండియానాలో అన్నిటికన్నా కింది లీగ్‌లోని ఈ జట్టుకు పదకొండేళ్లుగా ఆడుతున్నాడు. టానర్ కొత్తగా చేరినప్పుడు అద్దె ఇంట్లో ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు.

"పోయినేడు పాత జట్టులో ఎంతొచ్చిందిరా నీకు?" అని అడిగాడు మర్డాక్ మొదటి రోజే.

"తొంభై ఒకటి."

మర్డాక్ మంచం మీద వెనక్కి పడి నవ్వాడు. "ఓరి పిచ్చి సన్నాసీ! తల పగిలాక తొంభై ఒకటి ఎక్కణ్ణుంచి తెస్తావురా? మీ అమ్మ దగ్గర అప్పడుగుతావా? అరవై తెచ్చుకో. తల మీంచి లారీ వెళ్లినా అరవై వస్తుంది."

ఆ తొంభై ఒకటి టానర్‌కు గొప్పేమీ కాదు. వాడు పుట్టిన ఊరు మిన్నెసోటా ఉత్తరపు కొసన, ఇనుప గని పక్కన. తండ్రి డేల్ గనిలో పెద్ద ట్రక్కు నడుపుతాడు. డిసెంబరు రాగానే పెరట్లో గొట్టంతో నీళ్లు పోసి, రాత్రికి గడ్డకట్టించి, మూడేళ్ల కొడుకును దాని మీద నిలబెట్టాడు. బోర్లించిన బకెట్టు తోసుకుంటూ వాడు స్కేటింగ్ నేర్చాడు. అయిదేళ్లకే వీధిలో పోయే ప్రతి బండి నంబరూ చూడకుండా చెప్పేవాడు. డేల్ బార్లో స్నేహితులతో పందెం కాసి, వాణ్ణి బల్లమీద నిలబెట్టి చెప్పించేవాడు. గెలిచిన ప్రతిసారీ వాడికి వేయించిన చీజ్ ముక్కలు దక్కేవి.

పదహారేళ్లకు వేరే రాష్ట్రంలో ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంట్లో ఉండి ఆడాడు. ఇరవై ఏళ్లకు హాకీ పుణ్యమా అని కాలేజీలో సీటొచ్చింది. రెండేళ్లకే దాన్ని వదిలేశాడు. క్లాసులో కూర్చుంటే కాళ్లు దురద పెట్టేవి. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు డేల్ ప్లేటు వైపు చూస్తూ, "సరే. అయితే ఆడు" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట టానర్ వీపు మీద నాలుగేళ్లుగా కూర్చుని ఉంది. ఒక్కసారి పై లీగ్‌లో ఆడాలి. ఒక్క ఆట చాలు, నాన్న చూస్తుండగా.

వాడు డిఫెన్స్. గోల్ ముందు నిలబడి ఎదుటివాళ్లను తోసెయ్యడం, దూసుకొచ్చే రబ్బరు బిళ్లకు, అంటే పక్‌కు ఒంటిని అడ్డుపెట్టడం వాడి పని. గత రెండేళ్లలో తలకు నాలుగుసార్లు గట్టిగా తగిలింది. నాలుగుసార్లూ బెంచీ మీద తల వంచుకుని, స్కేటు లేసు వదులైనట్టు నటించాడు. పరీక్ష దాకా ఎప్పుడూ రానివ్వలేదు. అద్దె ఇంటి తలుపు తెరిచే కోడు అంకెలు అరచేతిలో రాసుకోవడం మొదలుపెట్టాడు. దుకాణానికి వెళ్లి ఏం కొనాలో తోచక గుడ్లు కొనుక్కొచ్చేవాడు. ఫ్రిజ్ నిండా గుడ్లే.

"ఏరా, కోళ్లఫారం పెడతావా?" అనేవాడు మర్డాక్.

బస్సు ప్రయాణాలవల్ల నిద్ర చాలట్లేదని టానర్ అనేవాడు. వాడు నమ్మిందీ అదే.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆటలో, పక్ కోసం మూలకు వెళ్లి వీపు తిప్పి ఉండగా వెనకనుంచి ఒకడు వచ్చి గుద్దాడు. హెల్మెట్టు రింకు చుట్టూ ఉన్న అద్దాల గోడకు తగిలిన చప్పుడు పై వరసలకు కూడా వినిపించింది. ఈసారి లేసు వదులైందంటే నమ్మేవాడు లేడు. సోమవారం కోచ్ పిలిచాడు. ఇంటికి పంపుతాడనుకుని వెళ్లాడు.

"పై జట్టులో ఇద్దరు డిఫెన్స్ వాళ్లకి మోకాళ్లు పోయాయి టానర్. నిన్ను పంపమంటున్నారు. రేపు సాయంత్రమే ఆట. కాకపోతే శనివారం దెబ్బ గురించి విన్నారు. పొద్దున్నే వాళ్ల డాక్టరు నిన్ను చూడాలట."

టానర్ అక్కడే గోడకు ఆనుకున్నాడు. రెండు సెప్టెంబర్లుగా తక్కువ మార్కు తెచ్చుకుని దాచిపెట్టుకున్నది ఈ రోజు కోసమే.

మర్నాడు మర్డాక్ తన కారులో దింపడానికి బయలుదేరాడు. మంచు మీద ఎండ కళ్లలో గుచ్చుకుంటోందని టానర్ టోపీ ముక్కుదాకా లాక్కున్నాడు.

"ఇవాళొక్కరోజు తెలివైనవాడిలా చెయ్యరా. అలవాటు కొద్దీ నాలుగు మరిచిపోయేవు."

"అసలు బుర్ర వాడితే తొంభై ఎక్కడికి పోతుంది?"

"తొంభై వద్దురా బాబూ! దెబ్బ తగిలి తెలివి పెరిగిందేంటని ఆ డాక్టరమ్మ నిన్ను కోసి చూస్తుంది. డెబ్బైలో ఆపు."

ఇద్దరూ నవ్వారు. మర్డాక్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "పదకొండేళ్లు. నన్ను ఒక్కడూ పిలవలేదు. నువ్వు బాగా ఆడు."

డాక్టరు పేరు ఓస్బోర్న్, నెరిసిన జుట్టు, నిదానమైన మనిషి. కిటికీ తెర వేసి, "తొందరేం లేదు, నెమ్మదిగా చెయ్యండి" అని చెప్పి బయట కూర్చుంది.

నిచ్చెన. వెన్న. గొడుగు. చేప. మాటలు వచ్చి పోయాయి. టానర్ ఒక్కొక్కదాన్నీ పెదాలతో పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత మొదటిసారి నిజాయితీగా చేస్తున్నాడు, అది సరదాగా కూడా ఉంది. బొమ్మలయ్యాయి, రంగులయ్యాయి. చూసిన మాటలు చెప్పమంది తెర.

నిచ్చెన. వెన్న. చేప. మరో అయిదు చకచకా వచ్చాయి. అక్కడితో ఆగిపోయింది. వాడు కాసేపు చూశాడు. లోపల ఏదో ఉండాల్సిన చోట నున్నగా ఉంది, అప్పుడే మంచు నునుపుచేసే యంత్రం తిప్పిన రింకులా. ఎక్కడా గీత లేదు. సెప్టెంబరులో నాలుగు మాటలు తెలిసి వదిలేసేవాడు. ఇప్పుడు వదలడానికి అక్కడేమీ లేదు.

మార్కు అరవై ఒకటి.

డాక్టరు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టింది. "సెప్టెంబరులో అరవై రెండు. ఇప్పుడు అరవై ఒకటి. మార్పేం లేదు. ఎక్కువ మార్కేం కాదనుకోండి, కొందరి తీరే అంత. తలనొప్పి ఉందా?"

"లేదు." అబద్ధం నోటికి అలవాటైపోయింది. తర్వాత, "డాక్టరుగారూ, ఇంకోసారి చెయ్యనా?" అన్నాడు.

ఆమె నవ్వింది. "పాసయ్యాక మళ్లీ ఎందుకండీ?"

తొంభై ఒకటి వచ్చిన కాగితం ఎక్కడో పాత జట్టు బీరువాలో ఉంది. ఆ సంగతి ఈ గదిలో ఒక్కడికే తెలుసు. చెబితే మోసం బయటపడుతుంది, ఆట పోతుంది. చెప్పకపోతే ఆట ఉంటుంది. "ఒక మాట చెప్పాలి..." అన్నాడు. ఆమె కలం ఆపింది. జేబులో ఫోను అదిరింది. తండ్రి.

"తీసుకోండి" అందామె.

"ఒరేయ్, డులూత్ ఊరు ఎప్పుడో దాటేశా! తెల్లారకుండానే బయల్దేరా. సగం గని సెలవు పెడతానంది, నేనే వద్దన్నా. ఏమన్నారు? ఆడిస్తున్నారా లేదా?"

టానర్ డాక్టరు చేతిలోని కలం వైపు చూశాడు.

"ఆడిస్తున్నారు నాన్నా."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "సరే. రోడ్డు మీద మంచుంది, పెట్టేస్తున్నా."

"ఏదో చెప్పబోయారు" అంది ఆమె.

"ఏం లేదండీ."

ఆమె సంతకం చేసింది.

బయట కారులో మర్డాక్ కాఫీ తాగుతున్నాడు. "ఎంత?"

"అరవై ఒకటి."

మర్డాక్ స్టీరింగ్ మీద చరిచాడు. "ఒక్క మార్కు తేడా! ఏం దొంగవిరా నువ్వు! ఇంత కచ్చితంగా నేనెప్పుడూ కొట్టలేదు. ఎలా చేశావు?"

టానర్ టోపీ కిందికి లాక్కున్నాడు. "నువ్వు నేర్పిందేగా."

సాయంత్రం రింకు లైట్లన్నీ వెలిగాయి. కొత్తవాడి మొదటి ఆటకు అక్కడో ఆచారముంది: ఒళ్లు వేడెక్కడానికి వాణ్ణి ముందు మంచు మీదికి తోసి, మిగతావాళ్లు గుమ్మంలోనే ఆగిపోయి నవ్వుతారు. వాడొక్కడే చుట్టూ తిరగాలి. "పదరా, నీ వెనకే వస్తున్నాం!" అని ఎవడో వీపు మీద చరిచాడు. ఎవరూ రాలేదు.

టానర్ ఒక్కడే మంచు మీదికి జారాడు. జనం ఈలలు వేశారు. మూల దగ్గర అద్దానికి నుదురు ఆనించి డేల్ నిలబడి ఉన్నాడు, గని కోటు కూడా విప్పలేదు. ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు.

కొడుకు స్టిక్ ఎత్తి చూపించి ముందుకు పోయాడు. చిన్నప్పటి వీధిలో బండ్ల నంబర్లు మనసులో అనుకున్నాడు. అన్నీ వచ్చాయి, తండ్రి పాత ట్రక్కుది మొదలుకుని, పక్కింటివాళ్లది, పోస్టుమనిషిది, ఒక్కటి తప్పకుండా. పొద్దున చూసిన మాటలు అనుకున్నాడు. నిచ్చెన. వెన్న. చేప. ఏడు దగ్గర ఆగాయి. పొద్దున ఎనిమిది వచ్చాయి.

రెండో చుట్టులో మొదటినుంచి మొదలుపెట్టాడు. నిచ్చెన. వెన్న. మళ్లీ ఏడే. అద్దం అవతల తండ్రి రెండు అరచేతులూ ఆనించి ఏదో అరుస్తున్నాడు, ఏమీ వినిపించడం లేదు. గుమ్మంలోంచి మిగతావాళ్లు ఒక్కసారిగా మంచు మీదికి వచ్చి పడ్డారు.