హరూరు పిల్లకు దక్కిన 'నే'

మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. తమిళనాడులోని మా ధర్మపురిలో ఆమె దగ్గర జపనీస్ నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ కబురు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒక్క హరూరు పిల్లకు మాత్రం చెప్పబుద్ధి కాలేదు. నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. అదీ నాకు కడుపుమంటే.

అత్త హోసూరులో ఒక జపాన్ కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరై వచ్చి మా మేడమీద పాఠాలు మొదలుపెట్టింది. మొదటి శిష్యురాలిని నేనే. తర్వాత, జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి వెళ్ళాలని, నర్సు చదివిన ఈ పిల్ల పక్కనున్న హరూరు నుంచి బస్సెక్కి వచ్చింది. అక్కడితో నా సుఖం పోయింది.

అనపకాయల కాలంలో అత్త తరగతే వేరు. నానబెట్టిన గింజల గిన్నె మధ్యలో పెట్టుకుని, పొట్టు ఊడేలా పితుకుతూ అందరం జపనీస్‌లో మాట్లాడాలి. పుస్తకం ముట్టకూడదు. "పుస్తకం చూస్తే ఆఫీసు మాట వస్తాది. చేతులు పనిలో ఉంటేనే ఇంటిమాట వస్తాది" అనేది. జపాన్‌వాళ్ళ ఇంటిమాటల చివర చిన్న చిన్న తోకలుంటాయి. 'నే' మన 'కదా' లాంటిది, ఎదుటివాళ్ళను తోడు పిలుస్తుంది. 'యో' అంటే 'నేను చెప్తున్నా, విను' అని నొక్కడం. "మాటకి తోక లేకుంటే ఎదుటోళ్ళు ఏం పట్టుకుంటారు?" అనేది అత్త.

పరీక్షల్లో నేనే అందరికంటే ముందు. ఏం లాభం? నాతో జపనీస్ మాట్లాడితే కలెక్టరాఫీసులో మాట్లాడినంత మర్యాద. హరూరు పిల్లతోనో, "సముయి నే" అని చలి గురించి, "ఓయిషీ నే" అని పప్పు రుచి గురించి, ఒకటే నవ్వులు. నేనూ చనువు చూపిద్దామని ప్రతి మాటకూ 'యో' తగిలించాను. అత్త తడిచేత్తోనే నా చెంప తట్టింది.

"ఏమ్మే, ఎందుకట్ల గదమాయిస్తావు? జగడానికి వచ్చినావా?"

అందరూ నవ్వారు. హరూరు పిల్ల కొంచెం ఎక్కువే నవ్వింది.

ఆ పిల్ల జపాన్ వెళ్ళినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. తర్వాత అత్త మంచం పట్టింది. గంజి తాగించడం, తల దువ్వడం, అన్నీ నేనే. అయినా ఫోన్ మోగితే చాలు, గంజి పక్కన పెట్టించి ఆ పిల్లతో 'నే' 'నే' అంటూ కబుర్లు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నాతో ఒక్కసారన్నా అట్ల మాట్లాడినావా అత్తా?"

"నీతో తెలుగులో మాట్లాడతా ఉండాను కదే. ఇంకేం కావల్ల?" అని అటు తిరిగి పడుకుంది.

తెలుగుదేముంది, పాలమనిషితోనూ మాట్లాడేది. నాకు కావలసింది ఆ 'నే'. అది దక్కకుండానే అత్త పోయింది.

కర్మ రోజుకు హరూరు పిల్ల సెలవు పెట్టుకుని జపాన్ నుంచి వచ్చింది. భోజనాలయ్యాక మేడమీద ఒంటరిగా కూర్చుని, ఫోన్‌లో అత్త పంపిన వాయిస్ మెసేజీలు వింటోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఒక్కటి నాకు పంపు" అని అడిగాను. అడగడానికి ఎంత చిన్నతనమనిపించిందో నాకే తెలుసు.

ఆమె ఫోన్‌ను గుండెకు అదుముకుంది.

"ఇయ్యలేనక్కా. తప్పుగా అనుకోవద్దు. టీచరమ్మకి కడదాకా నువ్వు తల దువ్వినావు, గంజి పోసినావు. వీడియో కాల్‌లో నీ చెయ్యి కనిపిస్తే నాకెంత మండేదో నీకు తెలుసునా? నాకుండేది ఈ గొంతొకటే."

నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఈ లోకంలో ఒకరున్నారని అప్పటిదాకా తెలియదు. నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషం కూడా వేసింది. ఏడుపూ వచ్చింది.

కాసేపటికి ఆమె ఫోన్‌ను మా ఇద్దరి మధ్య నేలమీద పెట్టి సౌండు పెంచింది. ఎప్పటిదో ఒక వానరోజు మెసేజీ. "అమె దా నే" అంది అత్త. వాన పడుతోంది కదా అని. బయట ఎండ మండిపోతోంది. మేమిద్దరం ఒకేసారి ఊఁ కొట్టాం.