బియ్యం డబ్బాలో నిద్రపోయిన కిరాయి

కొండాపూర్‌లో లీదియా పనిచేసే డేకేర్‌కు పిల్లల తల్లిదండ్రులు ఒకటో తారీఖుకల్లా ఫీజు కట్టేస్తారు. ఒక్కరోజు ఆలస్యమైతే ఫోన్లో మెసేజ్ టింగుమంటుంది. ఆ పిల్లలకు అన్నం తినిపించి, ముడ్డి కడిగి, జోకొట్టే ఆయాలకు మాత్రం జీతం పదో తారీఖు దాకా రాదు. "మేడంకు ఏం పరేషానో" అనుకుని లీదియా మూడేళ్లు నోరు మెదపలేదు.

బోరబండలో తానుండే ఇంటి కిరాయి మాత్రం ఆమె ఒకటినే ఇంటివాళ్ల చేతికి అందించేది. "ఇంటోళ్లకు నోరు తెరిచే మోకా ఇయ్యొద్దు బిడ్డా" అన్న తల్లి మాట ఆమెకు శాసనం. పైగా ఆ ఇల్లంటే ప్రాణం. డాబా మీద రెండు గదులు, తొట్లలో గోంగూర. శనివారం సాయంత్రం బట్టలు ఆరేస్తూ చర్చి పాటలు సాధన చేస్తుంటే, కింద ఇంటావిడ జయమ్మ వెంకన్నకు దీపం పెడుతూనే పల్లవి అందుకునేది.

మదీనాగూడలో ఒక షాపు ముందు గొడుగు వేసుకుని కూర్చున్న అమ్మాయి లీదియాకు క్రెడిట్ కార్డు అంటగట్టింది. "యాభై రోజుల దాకా వడ్డీ లేదక్కా!" ఇంకేం, ప్రతి ఒకటో తారీఖు పొద్దున్నే ఏటీఎంలో కార్డు పెట్టి పదివేలు తీయడం, కిరాయి ఇవ్వడం, బిల్లు వచ్చాక కట్టడం. ఎక్కడా బాకీ పెట్టలేదు. అయినా చేతిలో పైసా నిలవదు. చివరికి లింగంపల్లి అవతల చవకగా ఒంటిగది చూసుకుంది.

ఆ నెల ఒకటిన నోట్లు పట్టుకుని కిందికి దిగింది. "అంకుల్, వచ్చే నెల ఖాళీ చేస్త."

ఇంటాయన ఈశ్వరయ్యది కడప. పేపరు పక్కన పడేశాడు. "ఏమ్మా, నీళ్లు రాలేదా? మా ఆమె ఏమన్నా అనిందా?"

"నేనేమంటిని? మధ్యలో నన్నెందుకు లాగుతావు?" వంటింట్లోంచి జయమ్మ.

"అయ్యో లేదాంటీ. పైసలు నిలుస్తలేవు. ఎట్ల పోతున్నయో సమజైతలేదు."

వాళ్ల కోడలు సౌజన్య ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. హెడ్‌ఫోన్ మెడలోకి దించుకుని, లీదియా ఫోన్లో కార్డు బిల్లు చూసింది. "అక్కా, ఏటీఎంలో దీంతోనే తీస్తున్నావా?"

"అవు. యాభై రోజులు వడ్డీ లేదన్నరు గద!"

"అది సామాను కొంటే. నోట్లు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, నెలకు నూటికి మూడున్నర. తీసినందుకు ఐదువందలు వేరే. రెండిటి మీదా పన్ను. నెల ఆగి కట్టావంటే పదివేలకు వెయ్యి గోవిందా!"

"వెయ్యా!" జయమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "దీనికంటే మా ఊరి షావుకారు దేవుడు."

"నేనూ గోవాలో ఇదే పని చేసినాలే అత్తా. మీ కొడుక్కి చెప్పొద్దు."

"విన్నాలే!" లోపలి గదిలోంచి ఆమె మొగుడు వినయ్.

అందరూ నవ్వుతుంటే ఈశ్వరయ్య ఒక్కడే నవ్వలేదు. "ఒకటో తేదీనే ఇయ్యమని నేనెప్పుడు చెప్తినమ్మా?"

లీదియా ఆలోచించింది. నిజమే, ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఎప్పుడూ అడగలేదు.

జయమ్మ స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. "నువ్విచ్చింది ఈ బియ్యంలో పెడతా. పన్నెండున చీటీ కట్టేదాకా ఇందులోనే పండుకుంటుంది."

"అంటే... పైసలు మీ డబ్బాల పండుకుంటే, వడ్డీ నేను కడుతున్ననా?" లీదియా మెట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఇకమీదట పన్నెండుకియ్యి" అన్నాడు ఈశ్వరయ్య. "ఖాళీ గీళీ అనొద్దు. శనివారం పాట లేకుంటే మా ఇంట్లో దీపం వెలగదు."

సౌజన్య లీదియా చేతిలోని నోట్లు చూపించింది. "ఇప్పుడే పోయి కార్డుకు కట్టెయ్. తీసిన ఖర్చు ఎట్లాగూ పోయింది, వడ్డీ అన్నా ఆగుతుంది."

ఒకసారి అడగడం రుచి మరిగాక లీదియా ఆగలేదు. తోటి ఆయా మల్లమ్మను, మిగతా వాళ్లను వెంటేసుకుని డేకేర్ మేడం ముందు నిలబడింది. "ఫీజులు ఒకటికే వస్తయి గద మేడం, మా జీతం పది దాకా ఏ డబ్బాల పండుకుంటున్నది?" ఆయాలు పకపకా నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. కానీ ఈ నెల జీతం నాలుగునే పడింది.

"జీతం ఒకటి దాకా గుంజుతం, ఫికర్ చెయ్యకుండ్రి" అంటోంది లీదియా జయమ్మతో, గోంగూర కోస్తూ.

గుంజడంలో మీరూ ఒక చెయ్యి వేయండి. రేపు బిడ్డను తెచ్చుకోవడానికి డేకేర్‌కు వెళ్లినప్పుడు, ఆయాకు జీతం ఏ తారీఖున ఇస్తున్నారో అక్కడి యజమానిని అడగండి. గట్టిగా, అందరికీ వినపడేలా. కార్డుతో నోట్లు తీయబోతున్నవాళ్లు మాత్రం జర ఆగి, ఎవరికి ఇవ్వాలో వాళ్లనే ముందు అడగండి: "పది రోజులు ఆగుతారా?"