బుల్లయ్య బాబాయి వాస్తు ఫ్లాటు

బ్రాడీపేటలో మా పక్క ఫ్లాటు బుల్లయ్య బాబాయిది. ఒకటే పడగ్గది. దాన్ని అమ్మేసి సింగరాయకొండలో సొంతిల్లు కట్టుకోవాలని ఆయన ఆశ. మిర్చి యార్డులో ఎవరి మాటా వినని మనిషి, ఇల్లు చూడ్డానికొచ్చిన దారినపోయే దానయ్యల మాట మాత్రం వేదంలా విన్నాడు. వంటిల్లు ఆగ్నేయంలో లేదని ఒకడు పెదవి విరిస్తే, గోడ కొట్టించి పొయ్యి అటు జరిపాడు. పూజగది ఈశాన్యంలో ఉండాలని ఇంకొకడంటే, అక్కడొకటి కట్టించాడు. ఆ ఇద్దరూ మళ్ళీ మొహం చూపించలేదు.

మొన్న ప్రత్తిపాడు నుంచి కోటిరత్నం గారని ఒకావిడ వచ్చి ఇల్లంతా తిరిగింది.

"వాస్తు బాగుంది గానీ, పడగ్గది ఏదండీ?"

పడగ్గదిలో సగం వంటిల్లయింది, మిగతా సగం దేవుడికి పోయింది.

"ఏ మూల కావాలో చెప్పండమ్మా, రేపే కట్టించేస్తా" అన్నాడు బాబాయి.

"మూల మిగిలితే కదా అన్నయ్యగారూ" అంటూ ఆవిడ చెప్పులేసుకుంది.