సముద్రంలో పడితే ఔట్

ఇప్పుడంటే మా పోర్ట్‌బ్లెయిర్ కాలేజీ ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకి గాజు బీరువా నిండా కప్పులున్నాయి, ఆ బీరువాకి తాళం కూడా ఉంది. మేం ఆడిన ఆ రోజుల్లో మాకున్నవి ఒక బ్యాటు, ఒక బంతి, ఒక సముద్రం. మూడింట్లోకీ సముద్రమే కాస్త మంచి స్థితిలో ఉండేది. అయినా మేం దీవుల ఛాంపియన్లం. (దీవుల్లో ఇంకో జట్టు లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.)

మా గ్రౌండు వాలుగా సముద్రం దాకా దిగిపోయేది. గట్టిగా కొడితే బంతి నీళ్లలోనే. ఉన్నది ఒకటే బంతి గనక మా పీటీ సారు సొంతంగా ఒక రూలు పెట్టారు: సముద్రంలో పడితే ఔట్, పైగా కొట్టినవాళ్లే వెళ్లి తేవాలి. సారుది శ్రీకాకుళం వైపు. "ఓలమ్మా, బలం సూపించకే! నేల మీద పాకించు!" అని గట్టు మీంచి అరిచేవారు. నేను బ్రూక్షాబాద్‌లో చేపలు పట్టే ఇంటి పిల్లని, తెడ్డు పట్టిన చేతులు. బలం చూపించకుండా ఉండటం వాటికి తెలీదు. దాంతో ఆ జట్టులో నేను ఆడినదానికంటే ఈదిందే ఎక్కువ.

ఆ ఏడు మమ్మల్ని విశాఖపట్నం పోటీలకి పంపుతూ ప్రిన్సిపాల్ గారు ఇలా ఆశీర్వదించారు: "ఒక్క మ్యాచైనా గెలిచి రండి. లేదంటే జట్టు రద్దు. ఆ బ్యాటు వాచ్‌మన్‌కి ఇచ్చేస్తా, రాత్రిపూట కుక్కలొస్తున్నాయట." ఓడలో మేం ఆట గురించి ఆలోచించాల్సింది, బకెట్ల గురించి ఆలోచించాం. దిగాక కూడా నేల ఊగుతూనే ఉంది. ఊగే నేల మీద వరసగా ఓడిపోయాం.

మిగిలిన ఒకే ఒక్క మ్యాచి చివర్లో స్కోర్లు సమానం. ఒక్క పరుగు వస్తే జట్టు బతుకుతుంది. మూడో బేస్ మీద మా కెప్టెన్, డాలీగంజ్ నుంచి వచ్చే దీదీ, హోమ్‌కి ఉరికి ఆ పరుగు తేవడానికి కాచుక్కూచుంది. బ్యాటు నా చేతిలో. "పాకించే తల్లీ, పాకించు," అని సారు ఏకంగా దండమే పెట్టారు. కొట్టాను. బంతి పాకలేదు. ఫీల్డర్ల తలల మీదుగా పోయి, కంచె దాటి తుప్పల్లో పడింది.

ఆ తర్వాత జరిగినదానికి పూర్తి బాధ్యత నా కాళ్లదే. బ్యాటు పారేసి, బూట్లు విప్పేసి, బంతి విసిరిన పిల్ల పక్కనుంచి తిన్నగా కంచె వైపు పరుగు. "అరే పాగల్! ఉధర్ కహాఁ? ఫస్ట్ బేస్‌కి పోవే!" అని దీదీ హోమ్ చేరి మరీ అరుస్తోంది. వినబడింది. కానీ బంతి కొట్టుకుపోతే? కంచె ఎక్కి దూకి, తుప్పల్లో వెతికి, దొరకగానే చెయ్యెత్తి అందరికీ చూపించాను. చప్పట్లు రాలేదు.

అంపైరు రూల్స్ పుస్తకం చాలాసేపు తిరగేశాడు. "బేస్‌కి పోలేదు గనక ఈ అమ్మాయి ఔట్," అన్నాడు. సారు కూలబడిపోయారు. అంపైరు ఇంకో పేజీ తిప్పాడు. "అయితే మూడో ఔట్ పడితేనే పరుగు పోయేది, ఇది మూడోది కాదు. కెప్టెన్ పరుగు చెల్లుతుంది."

గెలిచాం. అందరూ దీదీని ఎత్తుకున్నారు. సారు మాత్రం నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు: "ఆ బంతి ఆళ్లది కదే, నీకేటే బాధ?"

మొన్న కాలేజీ వేడుకకి నన్ను పిలిచి, "జట్టుని నిలబెట్టిన హోమ్‌రన్ కొట్టిన మేడమ్" అని మైకులో పరిచయం చేశారు. చప్పట్లు బాగా పడుతున్నాయి గనక నేనేమీ సవరించలేదు. తర్వాత ఆట. ఇప్పుడు బంతులు పెట్టెల్లో వస్తున్నాయి. ఓ పిల్ల బలంగా కొడితే ఒకటి వెళ్లి నీళ్లలో పడింది. అందరూ కేరింతలు కొట్టారు, ఆ పిల్ల చేతులు ఊపుతూ బేసులన్నీ చుట్టొచ్చింది. ఎవరూ ఔటనలేదు.

"రహనే దో ఆంటీ, పోతే పోనీండి, ఇంకా బోలెడున్నాయి," అంది ఆ పిల్ల, నా వైపు కాస్త భయంగా చూస్తూ.

ఎందుకా అని చూసుకుంటే చెప్పులు ఒడ్డున ఉన్నాయి, కుచ్చిళ్లు నా చేతిలో ఉన్నాయి, నేను మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాను. అంతదాకా వచ్చాక ఉత్త చేతులతో ఏం తిరిగొస్తాం? తెచ్చేశాను.