గాజుల పెట్టెతో పోటీ

మొన్న నరసరావుపేట బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆపినప్పుడు, ముందు బైకుకు తాళ్లతో కట్టిన గాజుల పెట్టె కనిపించింది. ఇన్నేళ్లయినా దాన్ని చూడగానే ఒళ్లు మండింది.

నా చిన్నప్పుడు మాది గాజుల కొట్టు. సరుకు తెచ్చేటప్పుడు నాన్న నన్నూ బండెక్కించుకునేవాడు. నా వెనక పెట్టె. మిరపకాయల లారీ ఎదురైతే కాలు నేలకానించి ఆగేవాడు. ఆటోవాళ్లు తిట్టినా సందుల్లో దూరేవాడు కాదు. ఆ నిదానమంతా గాజుల కోసమేనని నాకు కుళ్లు.

"దానికి తాళ్లు కట్టావు, నాకు లేవేంది? నన్నూ కట్టు, లేకపోతే సోడా ఇప్పించు," అని బేరం పెట్టాను.

"నోరు మూసుకుని నా చొక్కా పట్టుకోవే," అన్నాడు నాన్న. సోడా మాత్రం ఇప్పించాడు.

ఒకసారి నాకు జ్వరమొచ్చి కొట్లోనే ఉండిపోయాను. నాన్న పెట్టె ఒక్కదానితో లారీల మధ్య నుంచి రయ్యిన దూసుకొచ్చాడు. విప్పితే సగం గాజులు ముక్కలు.

"పిల్ల ఎక్కితే ఎడ్లబండి, లేకపోతే ఇదీ వరస!" అంది అమ్మ.

గాజులు పగిలాయన్న సంబరంలో ఆ మాట నా చెవికెక్కలేదు.

ముందు బైకు సందులో దూరి వెళ్లిపోయింది. నేను కాలు నేలకానించి ఆగే ఉన్నాను.

"మనమూ దూరదాం అమ్మా," అంది వెనక నుంచి మా పాప.

"నోరు మూసుకుని నన్ను పట్టుకోవే," అన్నాను. సోడా అడుగుతుందేమోనని ఎదురుచూశాను.