గంగమ్మ చేప

1946లో నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి మలేరియా ఇన్‌స్పెక్టరుగా వేశారు. జిల్లా ఆరోగ్యాధికారి మొదలుకుని కిందికి దిగితే, మా మెట్టు చివరిది. పొడుగు పిడి ఉన్న తెల్ల గరిటెను బావుల్లో ముంచి దోమ పురుగులున్నాయేమో చూడడం మా పని. తాగే బావిలో మందు నూనె చల్లకూడదు కనుక అక్కడ గంబూసియా అనే చేపలను వదిలేవాళ్లం. వేలెడైనా ఉండని ఆ చేప, దోమ పురుగు రెక్కలు తొడగకముందే మింగేస్తుంది.

ఊరి చివరి వీధిలో మునెమ్మ అనే పెద్దావిడ నన్ను ఆపింది. ఆమె కోడలికి ఏడో నెల. క్వినైనుతో తగ్గిన చలిజ్వరం మళ్లీ మళ్లీ వస్తోంది. అయినా మునెమ్మ బావికి అడ్డంగా నిలబడి, నా మెడలోని శిలువ వైపు చూసింది.

"మేం తాగే నీళ్లల్లో నీసు ఏస్తావా అబ్బా? మీ దేవుడు సేపలు పంచినాడంట గదా, ఆడనే పంచుకోపో!"

"కూరకు కాదవ్వా. జ్వరం తెచ్చే పురుగును తినే చేప. గంబూసియా."

ఆమె చంకలోని కడవ దించింది. "గంగమ్మ సేపా? ముందే సెప్పొచ్చు గదప్పా!"

తిరుపతిలో గంగమ్మ అంటే ఏటా జాతర జరిగే అమ్మవారు, రోగాలను ఆపే తల్లి. నేనేమో వేరే దేవుళ్లు వద్దనే పది ఆజ్ఞలు ఆదివారం బడిలో వల్లించి పెరిగినవాణ్ణి. ఆ పేరు కాదని మూడుసార్లు చెప్పాను. బైబిల్లో శిష్యుడు మూడోసారి కాదనగానే కోడి కూసింది; నాకు ఏ కోడీ కూయలేదు.

"అమ్మోరి పేరు నీ నోట్లో యాడ తిరుగుతాదిలే" అని ఆమే నన్ను క్షమించి పక్కకు తప్పుకుంది. బావిలో చేపలు వదిలాను.

తర్వాతి తనిఖీలో గరిటె నిండా పురుగులే. కోడలు దుప్పటి కింద వణుకుతోంది. బావి గట్టున పసుపు కుంకుమలు, నీళ్ల మీద బొరుగులు. వీధంతా కలిసి అమ్మవారిని మేపుతోంది. కడుపు నిండిన చేప వేటాడదు.

నేను ఉన్న మాటే చెప్పాను. "అవ్వా, ఇది బొరుగులు తినే చేప కాదు. ప్రాణమున్నదే దీని తిండి. ఆ తిండి బావిలోనే ఉంది, మీరేమీ వేయొద్దు."

మునెమ్మ నోరు నొక్కుకుంది. "నా మతి మండిపోనూ! ఏటపోతును అడిగే తల్లికి బొరుగులు పెడితినే!" వెంటనే వీధివైపు తిరిగి అరిచింది. "ఇంకెవురన్నా బొరుగులు ఏసినారో, సూడండి! అమ్మోరి బలి అమ్మోరే తీసుకుంటాది!"

జాతరలో తప్ప వినిపించని తిట్లతో ఆమె ఆ బావికి కాపలా కాసింది. కొన్నాళ్లకు గరిటెలో తేటనీళ్లే వచ్చాయి. కోడలికి మళ్లీ జ్వరం రాలేదు. నెలలు నిండి ఆడపిల్లను కన్నది.

పేరు పెట్టే రోజు నన్నూ పిలిచారు. పేరు గంగమ్మే. నాకు మాత్రం మునెమ్మ ఒక వెసులుబాటు ఇచ్చింది. "ఇన్‌స్పెట్టరయ్యా, నీ నోటికి తిరిగేట్టు నువ్వు గంబూసమ్మ అని పిలుసుకో."

ఆ రాత్రి ప్రార్థనలో ఆ పిల్లను ఆ పేరుతోనే తలుచుకున్నాను.

చేపను బావిలో వదిలితే మా పని సగమే అయినట్టు. జనం దానికి ఏ పేరు పెట్టుకున్నారో, ఆ పేరును నమ్మి ఏం తినిపిస్తున్నారో కూడా కనుక్కుని రావాలి.